పెద్దది, మధ్యది, చిన్నది

“ద మేట్రన్ కామా హూ హాడ్ నెవర్ లాఫ్డ్ బిఫోర్ అస్ కామా లాఫ్డ్ పెద్దది అండ్ దెన్ షి వెప్ట్ ఫుల్‌స్టాప్” అని గొంతు బాబాయి ఒక్క ఊపిరిలో చదివేశాడు.

బల్లకు అవతల కూర్చున్న అమ్మాయి ఎర్ర కలం మొనను ప్రూఫు మీద వాక్యం వెంట నడిపించుకుంటూ వచ్చి రెండో ‘లాఫ్డ్’ దగ్గర ఆగింది. అక్కడ అచ్చులో పెద్దగీత లేదు. చిన్నగీత పడింది. ఎన్నడూ నవ్వని మనిషి నవ్వి, ఆ వెంటనే ఏడ్చిందంటే ఆ రెంటికీ మధ్య కాస్త చోటుండాలి కదా. అమ్మాయి చిన్నదాన్ని కొట్టేసి మార్జిన్లో పొడుగాటి గీత గీసింది.

“చిన్నది దూరింది బాబాయ్. తీసేశాను.”

“దానికి అలవాటేగా. పిలవని చోటికే ముందు పోతుంది. కానియ్.”

మడిచిన ఫారాల కట్ట ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చిన బైండింగు ఆవిడ ఇదంతా విని అక్కడే ఆగిపోయింది. ఆవిడ ఆ వారమే పనిలో చేరింది.

“మీకు ముగ్గురు ఆడపిల్లలా బాబాయ్ గారూ? పొద్దుటినుంచీ వింటున్నాను. పెద్దదొచ్చింది, చిన్నది దూరింది అంటూనే ఉన్నారు. మధ్యదాని ఊసే లేదు, పాపం.”

అమ్మాయి తల దించుకుని నవ్వు ఆపుకుంది. బాబాయి మాత్రం ముఖం ఏమాత్రం కదలకుండా, “మధ్యది లెక్కల మనిషమ్మా. ఎప్పుడు చూసినా అంకెల మధ్యే ఉంటుంది. పుస్తకం చివరికొస్తే కనపడుతుంది” అన్నాడు. ఆవిడకు వచ్చినప్పుడున్న అనుమానం ఒకటైతే, పోయేటప్పుడు పట్టుకెళ్ళినవి నాలుగు.

ఆ ప్రెస్సులో ఇంగ్లీషు పుస్తకాలను ఇద్దరు కూర్చుని చూస్తారు. రాసినవాళ్ళ రాతప్రతిని ఒకరు పైకి చదువుతారు. కామాలు, చుక్కలు, గీతలతో సహా ఉన్నదున్నట్టు చదవాలి. రెండోవారు అచ్చుతో పోల్చి దిద్దుతారు. బాబాయి చదివే మనిషి. మొదట్లో ఆయన కూడా పద్ధతి ప్రకారం హైఫన్, ఎన్ డాష్, ఎమ్ డాష్ అనే చదివేవాడు. కానీ గోడ అవతల మిషను దడదడలాడుతుంటే ఎన్ ఏదో ఎమ్ ఏదో వినేవాళ్ళకు తెలిసేది కాదు. అప్పుడు పెట్టిన పేర్లివి. చిన్నది, మధ్యది, పెద్దది. పొడుగును బట్టి పెట్టాడు గానీ, పెట్టాక వాటికి గుణాలు కూడా వచ్చేశాయి.

చిన్నది రెండు మాటల చేతులు కలుపుతుంది. ‘వెల్-నోన్ డాక్టర్’ అన్నప్పుడు మధ్యలో అది ఉండాల్సిందే. ‘ద డాక్టర్ ఈజ్ వెల్ నోన్’ అన్నప్పుడు దానికక్కడ పని లేదు. అయినా పోయి కూర్చుంటుంది. ఇంగ్లీషులో అత్తగారు, ‘మదర్-ఇన్-లా’, అనాలంటే చిన్నది రెండుసార్లు కావాలి. “ఆ మాటని ఒంటిచేత్తో పట్టుకోలేం మరి” అనేవాడు బాబాయి. మధ్యది ఒక అంకె నుంచి ఇంకో అంకెకు తీసుకెళ్తుంది. పదో పేజీ నుంచి ఇరవయ్యో పేజీ దాకా, ఫలానా ఏడు నుంచి ఫలానా ఏటిదాకా. నోరులేని పిల్ల. దాని చోట్లో చిన్నదాన్ని కూర్చోబెట్టినా అడిగేవాళ్ళుండరు. అందుకే బాబాయికి దానిమీద ఓ పిసరు జాలి ఎక్కువ. ఇక పెద్దది మాట మధ్యలో అడ్డం పడుతుంది. చెబుతున్న మనిషి గొంతు పట్టేసినా, మనసు మారినా, ఎవరైనా తలుపు తోసుకుని లోపలికొచ్చినా అదే రావాలి. అటూ ఇటూ ఖాళీ వదలకుండా మాటల్ని ఆనుకుని నిలబడుతుంది. మంచిదే గానీ, పేజీకి నాలుగైదుసార్లు పిలిస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది.

బాబాయికి నిజంగా పిల్లల్లేరు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఆశ పుట్టి, నిలవకుండానే పోయింది. ఆ తర్వాత భార్యాభర్తలిద్దరూ ఆ మాట ఎత్తుకోలేదు. ఒక సాయంత్రం ఆయన ఇంటికెళ్ళి, గీతలకు పేర్లు పెట్టిన సంగతి నవ్వుతూ చెప్పాడు. మర్నాడు ఆయన చెప్పులు విప్పుతుండగానే ఆవిడ వంటింట్లోంచి, “ఇవాళ పెద్దది ఏం చేసింది?” అని అడిగింది. ఆ అడగడం ఇప్పటికీ ఆగలేదు. ఆవిడకు ఇంగ్లీషు రాదు. ఆ ముగ్గురినీ ఆవిడ ఎన్నడూ చూడలేదు.

బాబాయి మనిషి సన్నంగా ఉంటాడు. భుజాలు వంగాయి, జుట్టు పల్చబడింది. కానీ నోరు తెరిస్తే ఆ మెడలోంచి అంత నిండైన గొంతు ఎలా వస్తుందో ఎవరికీ అర్థం కాదు. ప్రెస్సులో గొంతు బాబాయి అన్న పేరు అందుకే వచ్చింది. చదివేటప్పుడు కంఠమణి పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. మడత నలగని చొక్కా, మోచేతుల దగ్గర మాత్రం బల్ల రాపిడికి దారాలు తేలి ఉంటుంది. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి నిలబడాల్సిన గది అది. కిటికీ బయట సందులో కాగితం రీములు దించే బండ్లు. మిషను నడుస్తున్నంతసేపూ నేల సన్నగా వణుకుతూ, బల్లమీద కలాలు వాటంతటవే జరుగుతుంటాయి.

ఏడాదిగా ఆయనకు కళ్ళు ఆనడం లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మాటలతో చిక్కులేదు. ఇన్నేళ్ళు చూసిన మాటలు కాబట్టి మొదటి అక్షరం, వాటం చూస్తే చాలు నాలుక మీదికి వచ్చేస్తాయి. గీతల దగ్గరే తంటా. దుమ్ము నలుసేదో చిన్నది ఏదో, కాగితం మడతేదో పెద్దది ఏదో తెలిసేది కాదు. ఆయన ఊహ మీద లాక్కొచ్చేవాడు. డాక్టరు దగ్గరికి వెళ్దామా అనుకుని, ‘ఇక చదవకండి’ అంటాడేమోనని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాడు. చదవకపోతే ఈ గొంతునేం చేసుకోవాలి? రోజంతా ఇంట్లో వినమంటే ఆవిడ పుట్టింటికి పోతుంది.

ఒకసారి కొంప మునిగింది కూడా. ఒక బడి వార్షిక నివేదికలో, హెడ్‌మిస్ట్రెస్ గారు బడితో ఒప్పందం మీద మళ్ళీ సంతకం చేశారని, అంటే ఇంకా కొన్నాళ్ళు ఉంటారని రాసి ఉంది. ‘రీ-సైన్డ్’. మధ్యలో చిన్నది ఉండాలి. ఆయన కంటికి అది కనపడలేదు. ‘రిజైన్డ్’ అని చదివాడు. అచ్చులోనూ అలాగే ఉంది. అమ్మాయి ముందుకు వెళ్ళిపోయింది. నివేదిక ఇల్లిల్లూ చేరాక, ఆవిడ రాజీనామా చేశారనుకుని తల్లిదండ్రులు పూలగుత్తులు పట్టుకుని బడికి వెళ్ళారు. కొందరు కన్నీళ్ళు కూడా పెట్టుకున్నారట. ప్రెస్సు యజమాని ఈ గదిలోకి వచ్చి అంతెత్తు లేచాడు. అమ్మాయి లేచి నిలబడి, “బాబాయ్ సరిగ్గానే చదివారండీ. నేనే వినిపించుకోలేదు” అంది. ఆయన నోరు తెరిచేలోపే అంది. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు. తను సరిగ్గా చదవలేదని లోపల తెలుస్తూనే ఉంది. ఏమో, నిజంగానే చిన్నది అన్నానేమో, మిషను చప్పుడులో ఆమెకే వినపడలేదేమో అని తనను తాను సముదాయించుకున్నాడు.

విచిత్రంగా, ఆ తర్వాత అంతా తేలికైపోయింది. ఏ రాతప్రతి తీసినా గీతలు ఒత్తుగా, నల్లగా, కొట్టొచ్చినట్టు కనపడసాగాయి. “ఈమధ్య రాసేవాళ్ళకు బుద్ధొచ్చిందమ్మాయ్. గీతలు గట్టిగా గీస్తున్నారు” అన్నాడొక రోజు.

“అవును బాబాయ్. మంచి కలాలు వస్తున్నాయిగా” అంది అమ్మాయి తలెత్తకుండా.

అమ్మాయి అంటే ఇప్పుడు చిన్నదేం కాదు. బడికెళ్ళే కొడుకున్నాడు. పనిలో చేరినప్పుడు ఏ రెండు మాటలు పక్కపక్కన కనపడ్డా వాటి మధ్య చిన్నదాన్ని పెట్టేసేది. “అన్నిటికీ పెళ్ళిళ్ళు చేసేస్తావేంటమ్మాయ్!” అని బాబాయి వెక్కిరించేవాడు. వెక్కిరిస్తూనే నేర్పాడు. భర్త చనిపోయిన ఏడాది, ఆమె ప్రూఫుల ముందు కూర్చుని ఒక్క ముక్కా కనపడక కన్నీళ్ళు కారుస్తుంటే, ఆయన ఏమీ అడక్కుండా చదివిన పేజీనే మళ్ళీ మళ్ళీ చదివేవాడు. ఆమెకు అక్షరాలు కుదురుగా కనపడేదాకా.

ఇవాళ చూస్తున్నది ఒక విశ్రాంత నర్సు రాసుకున్న జ్ఞాపకాలు. లేత నీలం సిరా, కోడి కెలికినట్టు రాత. కానీ గీతలు మాత్రం నల్లగా మెరుస్తున్నాయి. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి చివరి అధ్యాయం కూడా అయిపోయింది. బాబాయి గొంతు సవరించుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. అప్పుడే యజమాని హడావుడిగా వచ్చాడు.

“అయిపోయిందనుకున్నారు కదూ? ఆవిడ ఇప్పుడే ఇంకో పేజీ పంపించారు. అందరికీ ధన్యవాదాలు చెప్పి ఒకరిని మర్చిపోయారట. కంపోజింగు అయిపోయింది. మిషను దీనికోసమే ఆగింది. కాస్త చూసిచ్చేయండి, నేనిక్కడే ఉంటా.”

రాతప్రతి బాబాయి చేతిలో పెట్టి, ప్రూఫు అమ్మాయి ముందు పెట్టాడు.

బాబాయి కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. మొదటి వాక్యం చదివాడు. రెండోది మొదలుపెట్టి ఆగాడు. లేత నీలం రాత తప్ప ఇంకేం కనపడలేదు. నల్లటి గీత ఒక్కటీ లేదు. కాగితాన్ని కిటికీ వైపు తిప్పాడు. అయినా లాభం లేకపోయింది. ఒకే మనిషి, ఒకే కలం. అన్ని పేజీల్లో అంత గట్టిగా గీసినావిడ ఇక్కడెందుకు గీయలేదు?

బల్లమీదున్న పాత పేజీ ఒకటి తీసి దీని పక్కన పెట్టి, వెలుతురుకు వాల్చి చూశాడు. నల్లగీతలది సిరా కాదు. పెన్సిలు. వాలుగా చూస్తే బూడిదరంగులో మెరుస్తోంది. ప్రతి గీతా చివర్లో చిటికెడంత పైకి లేచింది. ఆ లేవడం ఆయనకు తెలుసు. ఇన్నేళ్ళుగా ఎదురుగా కూర్చుని చూస్తున్న చెయ్యి అది.

పొద్దున తను వచ్చేసరికి ఆమె ఎప్పుడూ ముందే వచ్చి ఉంటోంది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

“ఏంటి బాబాయ్ గారూ, ఆగారు?” అన్నాడు యజమాని.

అమ్మాయి ముఖం పాలిపోయింది. “నాకివ్వండి బాబాయ్, నేను…” అని లేవబోయింది.

బాబాయి ఆమె వైపు చూశాడు. ఎదురుగా ఉన్న ముఖం కూడా ఈమధ్య అంచులు చెదిరే కనపడుతోంది. తల్లి చూపు మళ్ళగానే సంచి మోసుకెళ్ళే పిల్లలా అన్నాళ్ళు తన బరువు మోసిందా ఈ మనిషి! సిగ్గు వస్తుందనుకున్నాడు. రాలేదు.

“ఇవాళ నువ్వు చదువమ్మాయ్” అని కాగితం ఆమెకు అందించాడు. “నేను వింటాను.”

ఆమెకు పైకి చదవడం అలవాటు లేదు. మాటలు చదువుతోంది గానీ గుర్తులు చెప్పడం మర్చిపోతోంది. బాబాయి కళ్ళు మూసుకున్నాడు. నర్సు తన ఆడపడుచుకు కృతజ్ఞత చెబుతోంది.

“మై సిస్టర్ ఇన్ లా…”

“రెండు చిన్నవి. ఉన్నాయా?”

“చేతిరాతలో ఉన్నాయి. అచ్చులో ఒకటే పడింది” అంటూ దిద్దుకుంది.

“కానియ్.”

“హూ ఇన్ ఆల్ దీజ్ ఇయర్స్ నెవర్ వన్స్ ఆస్క్డ్ మి…” ఆమె ఆగింది. “వెల్, షి నోస్ వాట్ షి డిడ్ నాట్ ఆస్క్.”

ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నన్ను అడగని మనిషి. సరే, ఏమడగలేదో ఆమెకే తెలుసు.

“అక్కడ పెద్దది” అన్నాడు బాబాయి.

“రాతలో పొట్టిగా ఉంది బాబాయ్. అచ్చులో చిన్నదే వేశారు.”

“రాసేటప్పుడు చెయ్యి ఆగిపోయి ఉంటుందమ్మా. చెప్పబోయి చెప్పలేకపోయింది చూడు. అది చిన్నదాని పని కాదు. పెద్దదాన్నే పిలువు.”

అమ్మాయి మార్జిన్లో పొడుగ్గా గీసింది. యజమాని కాగితం లాక్కుని మిషను వైపు పరిగెత్తాడు. గోడ అవతల చప్పుడు మొదలైంది. బల్లమీద కలాలు కదిలాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా కాగితాలు సర్దారు.

బస్‌స్టాపుదాకా ఎప్పటిలాగే కలిసి నడిచారు. గుంట ఉన్నచోట ఆమె ఎప్పటిలాగే గుంట వైపు నడిచి ఆయన్ని ఇవతలికి పంపింది. అదీ ఇవాళే గమనించాడు.

“పెన్సిళ్ళు ఎన్ని అరిగాయమ్మాయ్?” అన్నాడు.

ఆమె నడక నెమ్మదించింది. “కోపమొచ్చిందా బాబాయ్?”

“వచ్చింది. పెద్దదాన్ని మరీ పొడుగ్గా గీస్తున్నావు. దానికసలే పొగరు.”

ఆమె నవ్వబోయి కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“పిల్లాణ్ని బడికెవరు దింపుతున్నారు, నువ్వింత పొద్దున్నే వచ్చేస్తుంటే?”

“మా అత్తగారు. మోకాళ్ళ నొప్పులని సణుక్కుంటూనే దింపుతారు. సంగతి చెబితే ఒకటే అన్నారు. ‘పెద్దాయన ముందు బయటపడకు, చిన్నబుచ్చుకుంటారు’ అని.”

బాబాయి తలాడించాడు. ఎన్నడూ చూడని ఒక ముసలావిడ, నొప్పులు పడుతున్న మోకాళ్ళతో, తనకోసం నడుస్తోంది.

“రేపు యజమానికి చెప్పేస్తాను. కళ్ళు ఆనడం లేదని.”

“చెప్పండి. దాంతోపాటు ఇంకోటి కూడా చెప్పండి. ఇకనుంచి నేను చదువుతాను, మీరు వింటారని.”

“వినడం కూడా ఒక ఉద్యోగమేనా?”

“ఇవాళ చేశారుగా.” ఆయన ఎక్కాల్సిన బస్సు వచ్చింది. ఆమె మెట్టు చూపించలేదు, చెయ్యి పట్టుకోలేదు. “మెట్టు ఎత్తుగా ఉంది బాబాయ్” అని మాత్రం, గుర్తు చదివినట్టు, పైకి అంది.

ఇంట్లో అడుగుపెట్టేసరికి భార్య కూరగాయలు తరుగుతోంది. “ఇవాళ పెద్దది ఏం చేసింది?”

“పెద్దదొక్కటే కాదు, ముగ్గురూ కలిసి నన్ను మోసం చేశారు” అని పీట లాక్కుని కూర్చున్నాడు. మొదటినుంచీ చివరిదాకా చెప్పాడు. బడి పూలగుత్తులు, పెన్సిలు గీతలు, అత్తగారి మోకాళ్ళు. ఆవిడ కత్తి పక్కనపెట్టి వింది.

“కళ్ళ సంగతి నీకు చెప్పలేదని తిట్టుకోకు” అన్నాడు ఆఖర్న.

“మీరు చొక్కా తిరగేసుకుని వెళ్ళిన రోజే నాకు తెలిసింది. మీ అంతట మీరే చెబుతారని ఆగాను.” ఆవిడ మళ్ళీ కత్తి అందుకుంది. “ఆ అమ్మాయిని ఆదివారం భోజనానికి పిలవండి. పిల్లాణ్నీ, వాళ్ళత్తగారినీ కూడా.”

“అత్తగారంటే రెండు చిన్నవి కావాలి.”

“రానీండి. అందరికీ వండుతాను.”

ఆయన పెద్దగా నవ్వాడు. చాలాకాలం తర్వాత ఒళ్ళంతా వదులైనట్టుంది. అన్నం తృప్తిగా తిని, మారు కూడా వేయించుకుని, మంచమెక్కేముందు, “రేపు కాస్త తొందరగా లేపు. ఒక్కరోజైనా ఆ అమ్మాయికంటే ముందు వెళ్ళాలి” అన్నాడు.

తెల్లవారుతుండగా ఆవిడ లేపడానికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. ఆయన నిద్రలోనే వెళ్ళిపోయాడు. స్టవ్వు మీద కాఫీనీళ్ళు మరిగి మరిగి అడుగంటేదాకా ఆవిడ ఆ చెయ్యి తియ్యలేదు.

నర్సు పుస్తకం అచ్చయి వచ్చాక, బాబాయి భార్య ఒకరోజు ప్రెస్సుకు వచ్చింది. అంతకుముందెప్పుడూ రాలేదు. అమ్మాయి ఎదురెళ్ళి చేయి పట్టుకుని, గదిలోకి తీసుకొచ్చి, బాబాయి కుర్చీలో కూర్చోబెట్టింది. ఇద్దరూ కాసేపు ఏడ్చారు. బైండింగు ఆవిడ మంచినీళ్ళు తెచ్చిపెట్టి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయింది.

“ఒకసారి వాళ్ళను చూపించమ్మా” అంది ఆవిడ కళ్ళు తుడుచుకుని. “ఇన్నేళ్ళూ కబుర్లు వినడమే గానీ, నేనెప్పుడూ చూడలేదు.”

అమ్మాయికి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత పుస్తకం తెరిచి, ఆడపడుచుకు కృతజ్ఞత చెప్పిన పేజీ తీసింది. “ఇదిగో పిన్నీ, చిన్నది. ఇక్కడ రెండుసార్లు ఉంది. ఇదేమో పెద్దది. దీన్ని బాబాయే పెట్టించారు.”

ఆవిడ చూపుడువేలు పెట్టి తడిమింది. “ఇంతేనా! ఆయన చెబుతుంటే ఎంత పొడుగుంటుందో అనుకున్నాను.” కన్నీళ్ళ మధ్యే నవ్వొచ్చింది. “మధ్యదో?”

అమ్మాయి పుస్తకం చివరి పేజీలు తిప్పి అంకెల మధ్య చూపించింది. ఆవిడ దానిమీద వేలు ఉంచి చాలాసేపు అలాగే కూర్చుంది.

“పుస్తకం తీసుకెళ్ళండి పిన్నీ. మీదే” అంది అమ్మాయి. “ఆదివారం మా అత్తగారిని తీసుకుని మీ ఇంటికొస్తాను. మమ్మల్ని పిలవమని ఆ రాత్రి బాబాయ్‌తో అన్నానని మీరు చెప్పారుగా.”

“రండి. పిల్లాణ్ని మర్చిపోవద్దు.”

ఆవిడ వెళ్ళాక, బాబాయి సామాను ఆదివారం తీసుకెళ్ళి ఇద్దామని అమ్మాయి బల్ల సొరుగు లాగింది. ఎక్కువేమీ లేవు. ఒక దువ్వెన, ఊడిన చొక్కా గుండీ, మూలగా, రేపటికి దాచుకున్నట్టు ప్రూఫు కాగితం ముక్కలో జాగ్రత్తగా చుట్టిపెట్టిన, సగం చప్పరించిన పిప్పరమెంటు బిళ్ళ.